రాడార్ విమానం, మా బామ్మర్ది

మా బామ్మర్ది అంటే నాకు కుళ్ళు. ఈ మాట ముందే రాసేస్తే మిగతాది రాయడం సులువు. అతను నాకు చేసిన చెడు ఏమీ లేదు. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. వైమానిక దళంలో రాడార్ ముందు కూర్చునే ఉద్యోగం చేసి, సర్వీసు ముగించుకుని ఊరికి వచ్చాడు. ఊరికి రావడమే అతను చేసిన తప్పు.

అది తప్పు ఎట్లా అయిందో తెలియాలంటే హోటల్ సంగతి చెప్పాలి. మా ఊరు డోన్ నుంచి బస్సులో ముప్పావుగంట. బస్సు ఆగేచోట సాయిబు టీ హోటల్ ఉంది. పొద్దున మొదటి బస్సులో పేపరు దిగుతుంది. దాన్ని నలుగురికీ వినపడేట్టు పైకి చదివేది నేను. పద్దెనిమిదేళ్ళుగా నేనే. పేపరు ఎవరి చేతికి వచ్చినా మడత విప్పకుండా నా ముందు పెట్టేవారు. నేను రాని రోజు పేపరు చదవకుండా చుట్టిపెట్టి ఉంచిన సందర్భాలున్నాయి.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై రెండో ఏట. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వసారాలో పాస్టరమ్మ పలకలు పెట్టి దిద్దించేది. నలుగురు ఆడవాళ్ళు, నేను. మగవాళ్ళు ఇంకెవరూ రాలేదు, సిగ్గు. నాకూ సిగ్గే, కానీ అంతకంటే పెద్ద సిగ్గు మోసుకుని తిరుగుతున్నాను. పాస్టరు ఫలానా అధ్యాయం తీయండి అన్నప్పుడు, పక్కవాడు బైబిలు ఎంత మందం దగ్గర తెరిచాడో చూసి నేనూ అంతే మందం దగ్గర తెరిచేవాణ్ణి. ఏళ్ళ తరబడి అదే పని. పక్కవాడు కొత్త నిబంధన ఒక్కటే ఉన్న పలచటి పుస్తకం తెచ్చిన రోజున దొరికిపోయాను. ఆ మరుసటి ఆదివారం పలక పట్టాను.

అంతకు ముందంతా నాది పొలాల కాపలా. మంచె కట్టడం, దాని మీద నిలబడి వడిసెల తిప్పి పిట్టలను తోలడం. మా ఊరిలోనే కాదు, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో మంచె యాడ నాటాలో చెప్పమని నన్ను పిలుచుకుపోయేవారు. నా గొంతు అట్లా పెద్దదైంది. పేపరు చదవడానికి అదే గొంతు పనికొచ్చింది. చదువు వచ్చాక ఊరిలో నాకు ఒక కుర్చీ వచ్చింది. మాటవరసకు కాదు, నిజంగానే కుర్చీ. సాయిబు హోటల్లో అందరికీ బెంచీలు, పేపరు చదివే వాడికి చేతుల కుర్చీ.

బామ్మర్ది వచ్చిన మొదటి నెల ఏ గొడవా లేదు. వచ్చి మూల బెంచీ మీద కూర్చుని టీ తాగి, నేను చదివేది విని పోయేవాడు. సాయిబుతో ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. అది కూడా నాకు కొంచెం గుచ్చుకుంది కానీ సర్దుకున్నాను.

ఒకరోజు లోపలి పేజీలో పెద్ద వార్త వచ్చింది. రాడార్‌ను వీపు మీద మోసుకుని ఆకాశంలో తిరుగుతూ, శత్రువు విమానాలను దూరం నుంచే పసిగట్టే విమానాలు మన వైమానిక దళానికి ఇంకా కావాలట. రాడార్ సంగతి సరే, దాన్ని ఏ విమానానికి ఎక్కించాలన్నది తేలడం లేదట. ప్రయాణికులు ఎక్కే పెద్ద విమానమా, చిన్న జెట్ విమానమా? తెలిసినవాళ్ళు ఇటు కొందరు, అటు కొందరు మాట్లాడారట. 'గగనతల ముందస్తు హెచ్చరిక వ్యవస్థ' అన్నచోట నేను ఆగి, కూడబలుక్కుని మళ్ళీ చదివాను.

లారీ తోలి మానేసిన ఒకాయన ఎప్పుడూ నా ఎదురు బెంచీ మీద కూర్చుంటాడు. నోరు ఊరుకోదు. "మామా, అదేందో తెలుగులో సదువు" అన్నాడు.

"తెలుగులోనే సదివినా గదప్పా."

"అది తెలుగా? నేను ఇంకా మంత్రమనుకుంటి."

అందరూ నవ్వారు. అప్పుడు మూల బెంచీ నుంచి మా బామ్మర్ది లేచాడు. "నువ్వు సదువుతాండు బావా, అదేందో నేను చెప్తా" అని సాయిబు దగ్గర ఒక గిన్నె అడిగి బెంచీ మీద బోర్లించాడు. గిన్నె ఇటు అంచున ఒక అగ్గిపుల్ల నిలబెట్టాడు.

"ఇది భూమి. ఇది కింద పెట్టిన రాడార్. దీని చూపు తిన్నగా పోతాది గాని భూమితో పాటు వంగదు. అటు పక్క నుంచి కిందకిందనే, కొండల మాటున వచ్చేటోడు దీనికి కనపడడు. కనపడే పొద్దుకు నెత్తిమీద ఉంటాడు. అందుకని రాడార్నే పైకి ఎత్తుకోని పోతారు." అగ్గిపుల్లను తీసి గిన్నె మీద జానెడు ఎత్తున పట్టుకున్నాడు. "ఈడ నుంచి సూస్తే దాక్కునే తావు శానా తక్కువ."

"నువ్వు ఎక్కినావా అట్లాంటిది?" అని సాయిబు అడిగాడు.

"ఎక్కినా. గంటలు గంటలు కూర్చున్యా."

బెంచీలన్నీ అటు తిరిగాయి. బెంచీలు తిరిగాయంటే నిజంగా తిరిగాయి, లేచి జరుపుకుని కూర్చున్నారు. నేను చేతుల కుర్చీలో పేపరు పట్టుకుని వాళ్ళ వీపులు చూస్తూ కూర్చున్నాను. సాయిబు అతనికి అడగకుండానే రెండో టీ ఇచ్చాడు. పద్దెనిమిదేళ్ళలో నాకు ఒక్కసారీ అడగకుండా రెండో టీ రాలేదు.

ఆ తర్వాత ప్రతిరోజూ అదే వరస. నేను ఒక వార్త చదువుతాను, అందరూ అతని వైపు చూస్తారు. అతను చెబుతాడు. చర్చిలో ప్రసంగానికి ముందు ఒకరు లేచి వాక్యం చదివి కూర్చుంటారు చూడండి, ఆ చదివిన వాడు ఎవరో ఇంటికి వెళ్ళాక ఎవరికీ గుర్తుండదు. నేను ఆ మనిషినయ్యాను.

ఇంట్లోనూ ఊరట లేదు. "మా తమ్ముడు మాట్లాడ్తాంటే రేడియో ఇన్నట్టుండాది" అంది నా భార్య.

"నేను సదివితే?"

"నువ్వు సదివితే పిట్టలు లేచిపోతాయి."

ఓడించాలనుకున్నాను. అంత వయసు వచ్చి, మనవలున్న వాణ్ణి, బడిలో సైన్సు సారు దగ్గరకు పోయి ఆ విమానాల మీద వచ్చిన పాత పేపర్లన్నీ అడిగి తెచ్చుకున్నాను. మధ్యాహ్నాలు వేపచెట్టు నీడన నోటుపుస్తకం పెట్టుకుని చదివాను. అర్థం కానిది పది సార్లు చదివాను. చదివే కొద్దీ నాకు ఆశ్చర్యం వేసింది. ఇది నాకు తెలియని పని కాదు. ఎంత ఎత్తున ఉంటే ఎంత దూరం కనపడుతుంది, పైన కూర్చున్న వాడు ఎంతసేపు కునుకు పట్టకుండా చూడగలడు, వాణ్ణి దించి ఇంకొకణ్ణి ఎప్పుడు ఎక్కించాలి. పెద్ద చేనైతే పైనున్న వాడు తాను దిగి తోలడు. చూసి కేక వేస్తాడు, కింద గట్ల మీద ఉన్నవాళ్ళు తోలుతారు. ఈ విమానంలో వాళ్ళు చేసేదీ అదే, వాళ్ళు చూసి చెబితే యుద్ధ విమానాలు పోతాయి. మంచె అందరికీ కనపడుతుంది కాబట్టి దొంగ ముందు మంచె మీది వాణ్ణే చూసుకుంటాడు. ఆ విమానానికీ అదే భయమట, శత్రువు ముందు దాన్నే వెతుకుతాడట.

పెద్దది మంచిదా, చిన్నది మంచిదా అన్నదానికి కూడా నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. నోటుపుస్తకంలో రాసుకుని, నోటికి వచ్చేదాకా చదువుకుని హోటల్‌కు పోయాను.

"బామ్మర్దీ, నీ లెక్కన ఏది కొనాల?" అన్నాను, అందరూ ఉన్నప్పుడు.

అతను గ్లాసు కింద పెట్టాడు. "పెద్దదే బావా. దాంట్లో నూనె ఎక్కువ పడ్తాది, ఎక్కువసేపు పైన ఉంటాది. రాడార్‌కు కరెంటు శానా కావాల, పెద్ద ఇంజిన్లయితేనే సరిపోతాది. మనుషులు వంతులేసుకోని పండుకునే దానికి గూడా తావు ఉంటాది. చిన్నదాంట్లో మోకాళ్ళు ముడుచుకోని కూర్చోని కూర్చోని, చివరి గంటలో తెర మీద ఏముండాదో మన కండ్లకే తెల్దు. నేను పడినా ఆ బాధ."

"సరే. పెద్దవి ఎన్ని కొంటారు? కొన్ని. వాటిల్లో ఒకటి షెడ్డులో ఉంటాది రిపేరుకు. ఇంగోటి నేర్చుకునేటోళ్ళకు. దేశానికి పడమర ఒక దిక్కు, ఉత్తరం ఒక దిక్కు. పైన ఉండేది ఎన్ని? చిన్నవైతే ఎక్కువ వస్తాయి. చిన్న రన్‌వే మీద గూడా దిగుతాయి. ఒకటి పోయినా ఇంగోటి ఉంటాది. ఒక్క పెద్ద మంచె కంటే నాలుగు చిన్న మంచెలు మేలు. నేను కట్టినోణ్ణి చెప్తాండా."

ఈసారి తలలు నా వైపు తిరిగాయి. బాగా చెప్పానని నాకు తెలుసు. అప్పుడు అతను నవ్వి, నా భుజం మీద చెయ్యి వేసి, "బావా, విమానం మంచె కాదు" అన్నాడు.

అంతే. లారీ ఆయన అందుకున్నాడు. "మామను ఎక్కించండప్పా విమానంలో. కిటికీలో నుంచి వడిసెల తిప్పితే ఒక్కటి దగ్గరికి రాదు." సాయిబు నవ్వుతూ టీ ఒలకబోసుకున్నాడు. మా బామ్మర్ది ఎగతాళిగా అనలేదు, నాకు తెలుసు. భుజం మీద ఆ చెయ్యి ప్రేమగానే ఉంది. దానికే నాకు కడుపు మండింది. నోటుపుస్తకాన్ని ఇంట్లో బియ్యం డబ్బా వెనక పడేశాను.

అదే వానాకాలం అతను తన నాలుగెకరాల్లో కొర్ర వేశాడు. చక్కెర జబ్బుకు మంచిదని ఇప్పుడు పట్నం వాళ్ళు కొర్రన్నం తింటున్నారు కదా, అతనికీ చక్కెర ఉంది. పైరు బాగా లేచింది. కంకి తీసే సమయానికి మంచె నాటాలి.

మా వైపు మంచె నాటే ముందు 'దోవ చూడటం' అని ఒక పని ఉంది. మూడు పొద్దులు గట్టు మీద ఊరికే కూర్చుంటాము. వడిసెల ఉండదు, కేక ఉండదు, పిట్టలు తింటే తిననిస్తాము. అవి ఏ చెట్టు మీద నుంచి లేస్తున్నాయి, ఎంత ఎత్తున వస్తున్నాయి, చేనులో ఏ అంచున దిగుతున్నాయి, అదే చూడటం. నాలుగో పొద్దున ఒక రాయి తీసుకుపోయి మంచె నాటాల్సిన చోట పెడతాము. ఆ రాయి పెట్టడమే నాకు ఊళ్ళలో పేరు తెచ్చిన పని.

బామ్మర్ది దోవ చూడలేదు. తెల్ల కాగితం మీద చేను గీసి, నాలుగు మూలలకూ సమానంగా ఉండే చోటు కొలిచి, నడిమధ్యన గుర్తు పెట్టుకున్నాడు. డోన్‌లో ఇనుప పైపులతో మంచె చేయించి ట్రాక్టరు మీద తెచ్చాడు. నిచ్చెన, చుట్టూ కడ్డీలు, పైన రేకు. ఊరిలో అంత ఎత్తు మంచె ఎవరూ చూడలేదు. జనం చూడటానికి పోయారు. లారీ ఆయన దానికి కంట్రోల్ రూము అని పేరు పెట్టాడు.

నేనూ పోయాను. పోయిన వెంటనే నాకు తప్పు కనపడింది. ఆ చేనుకు పడమర పక్క వంక ఉంది, వాన నీళ్ళు కోసిన లోతైన పాయ. వంకలో అక్కడక్కడ నీళ్ళు నిలబడతాయి, తుమ్మచెట్లుంటాయి. చిలకలైతే ఆకాశంలో అరుచుకుంటూ వస్తాయి, ఎక్కడ నిలబడినా తెలుస్తుంది. కొర్ర మీద పడే చిన్న పిట్టలు అట్లా రావు. వంక లోపలే, గట్టు మాటునే ఎగురుకుంటూ వచ్చి, ఒక్క గంతులో అంచు సాళ్ళలోకి దూరి, కంకుల కిందనే తింటాయి. మధ్యలో తాటిచెట్టంత మంచె వేసినా వంక లోపలికి చూపు పోదు. వంక గట్టు మీద నాటితే నిలువు మనిషి ఎత్తు మంచె చాలు.

"ఎట్లుండాది బావా?" అని పైనుంచి అడిగాడు బామ్మర్ది. రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని, సంతోషంగా ఉన్నాడు.

"బలంగా ఉండాది" అన్నాను.

అబద్ధం కాదు. బలంగానే ఉంది. ఆ ఒక్క మాట చెప్పి ఇంటికి వచ్చేశాను. దారిపొడవునా ఒకటే అనుకున్నాను. రానీ, నా గడపకు వచ్చి, బావా నువ్వు చెప్పు అని అడగనీ. అడిగితే చెబుతాను.

కంకి పాలు పోసుకుంది. బామ్మర్ది పొద్దుపొద్దున మంచె ఎక్కేవాడు. సందేళ వంతు నా భార్య తీసుకుంది. అరవై అయిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఆ ఇనుప నిచ్చెన ఎక్కేది తమ్ముడి కోసం. ఒకరోజు చీకటి పడకముందే వచ్చి వసారాలో కూలబడింది.

"మంచె మీద నుంచి సూస్తే ఒక్క పిట్ట ల్యా. దిగి వంక పక్క పోతే కంకులన్నీ వట్టి పొట్టు" అంది.

నేను అన్నం కలుపుకుంటున్నాను. తల ఎత్తలేదు. తల ఎత్తకపోవడమే చెప్పేసింది. నలభై అయిదేళ్ళు కాపురం చేసిన మనిషికి అంతకంటే ఏం కావాలి.

"నీకు తెల్సు" అంది. "నాటే పొద్దే తెల్సు నీకు."

"వాడు అడగల్యా."

"అందరూ అడిగితేనే పోయినావా? మనతో మాటల్యాని వాళ్ళ చేన్లకు గూడా పోయి రాయి పెట్టి వచ్చినావు. నా తమ్ముని మీద కుళ్ళుంటే ఉండనీ, నేను సూడనట్టే ఉంటా. ఆ కొర్రలు నీకేం చేసినాయయ్యా?"

ఆమె నా ముందు నీళ్ళ చెంబు పెట్టకుండా లేచిపోయింది. అయినా ఆ రోజు పోలేదు, మర్నాడూ పోలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది, కానీ ఆ రెండు రోజులు నేను చేసింది ఎదురుచూడటమే. హోటల్లో పేపరు చదువుతూ అతని మొహం చూసేవాణ్ణి. మనిషి వాడిపోయాడు. నాకు జాలి వేసింది, జాలి వెనకనే ఒక చల్లదనం కూడా తగిలింది. రెండూ నిజమే.

మూడో రోజు అతను పొట్టు కంకులు గుప్పెడు తెచ్చి, నా ఎదుట బెంచీ మీద పెట్టాడు. హోటల్ నిండా జనం.

"ఈ మాట అందరి ముందరే చెప్పాల" అన్నాడు. "విమానం మంచె కాదని బావను ఆ పొద్దు నేనంటి, మీరంతా నవ్వితిరి. తప్పు నాది. శత్రువు ఏ దోవన, ఎంత ఎత్తున వస్తాండాడో సూడకుండా యాడ నిలబడేది ఎంచుకోకూడదు. అది మాకు మొదటి నెలలోనే నేర్పిస్తారు. ముప్పై ఏండ్లు ఆ పని చేసి, నా చేనులో నేనే మర్చిపోతి. బావ సదువు రాకముందే తెల్సుకున్యాడు."

నేను ఎదురుచూసిన మాట ఇదే. అందరి ముందర, ఇంతకంటే బాగా ఎవరు చెబుతారు? కానీ చూడండి ఏమైందో. "ఎంత పెద్ద మనసప్పా" అన్నాడు లారీ ఆయన. నన్ను కాదు, అతన్ని. "తప్పు ఒప్పుకునేదానికి గుండె ఉండాల" అన్నాడు సాయిబు, రెండో టీ పోస్తూ. గెలిచింది నేను, మెప్పు అతనికి. ఓడిపోవడంలో కూడా అతనే నాకంటే ముందున్నాడు. నా ఒళ్ళంతా మంటపుట్టింది.

ఆ మంటలోనే నోరు తెరిచాను. "నాకు నాటే పొద్దే తెల్సు. కావాలనే చెప్పల్యా."

సాయిబు చేతిలో టీ జల్లెడ ఆగింది.

"తెల్సు బావా" అన్నాడు బామ్మర్ది మెల్లగా. "అక్క మొన్ననే చెప్పింది."

"తెల్సీ నన్ను మెచ్చుకుంటాండావా?"

"నేను గూడా కావాలనే అడగల్యా. నిన్ను అడిగితే నా సర్వీసంతా తక్కువైపోతాదనిపించింది. ఇద్దరం కల్సి పిట్టలకు పెట్టినాము, అంతే."

ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "సందేళకు నాలుగు తుమ్మ కట్టెలు కొట్టుకోని రా. వంక గట్టు మీద చిన్నది కడ్తా. మిగిలింది మిగుల్తాది" అన్నాను. అతను తలూపాడు. ఇంకా ఏదో చేయాలనిపించింది, ఏం చేయాలో తెలియలేదు. ఆ కుర్చీలో కూర్చోవడం కష్టంగా ఉంది. లేచి పేపరు అతని చేతిలో పెట్టాను. "ఈ పొద్దు నువ్వు సదువు."

"నేనెందుకు బావా, నువ్వే…"

"సదువు."

అతను కుర్చీలో కూర్చుని, జేబులో నుంచి అద్దాలు తీసి పెట్టుకుని, పేపరు దగ్గరకు లాక్కున్నాడు. ఆ రోజు లోపలి పేజీలో మళ్ళీ ఆ విమానాల వార్తే. ఏ విమానమన్నది ఇంకా తేలలేదని, మరోసారి పరిశీలిస్తారని. అతను మొదటి మాట చదివి ఆగాడు. రెండో మాట దగ్గర పెదవులు కదిలించుకున్నాడు. వత్తుల దగ్గర వేలు పెట్టుకున్నాడు. బళ్ళారిలో మేనత్త ఇంట్లో ఉండి కన్నడ బడిలో చదివి, అక్కడి నుంచే ఉద్యోగానికి పోయిన మనిషి. ఆ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. ఇన్ని నెలలు మూల బెంచీ మీద కూర్చుని ఒక్కసారి కూడా పేపరు చేతిలోకి ఎందుకు తీసుకోలేదో మాత్రం నేను ఆలోచించలేదు.

హోటల్లో ఎవరూ నవ్వలేదు. చెవుల దాకా ఎర్రబడి, ఆపకుండా, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ పోతున్నాడు. ఆ చదువు ఎట్లా ఉంటుందో, లోపల ఏం జరుగుతూ ఉంటుందో ఆ హోటల్లో నాకొక్కడికే తెలుసు. మొదటి తప్పు నేను దిద్దలేదు. రెండోదీ దిద్దలేదు. వినడానికి బాగుంది. మూడోసారి తడబడ్డప్పుడు అతను తల ఎత్తి నా వైపు చూశాడు. అప్పుడు ఆ మాట అందించాను.